బారువ కట్టెలు, ఒకటే సంచి

పేర్ణాంబట్టు, గుడియాత్తం, వేలూరు ప్రాంతాలలో తరతరాలుగా కాపురమున్న మన తెలుగు కుటుంబాలలో గ్యాసు పొయ్యి లేని ఇల్లు ఈనాడు అరుదు. 2007 ప్రాంతంలో రాష్ట్ర ప్రభుత్వం పేద కుటుంబాలకు ఉచితంగా గ్యాసు పొయ్యిలు పంచింది. 2016లో కేంద్రం ఉజ్వల పథకం పెట్టింది. అయినా పెరట్లోని కట్టెలు ఇల్లు విడిచి పోలేదు. వంటింట్లోనుంచి లేచి పెరట్లోకి వెళ్ళి కూర్చున్నాయి, అంతే. చలికాలపు స్నానాలకు కాగులో నీళ్ళు కాగడానికి కట్టె కావాలి. సంక్రాంతినాడు వాకిట్లో పొంగలి పొంగడానికి కట్టె కావాలి. వడ్లు ఉడకబెట్టాలన్నా, పెండ్లికి గాడిపొయ్యి తవ్వాలన్నా కట్టె లేనిదే పని జరగదు. ఇక మన పక్కనున్న ఆంబూరు బిర్యాని సంగతి చెప్పనే అక్కరలేదు. దానికి కింద కట్టె మంట, మూతమీద నిప్పులు వుంటేనే ఆ పేరు నిలుస్తుందని వండేవారే చెబుతారు.

కట్టెలు వున్నంతకాలం వాటిని ఎక్కడ పెట్టుకోవాలి, ఎట్లా మోసుకోవాలి అన్న చిక్కు తప్పదు. ఈ చిక్కుకు ఈ మధ్య ఒక కొత్త సాధనం దొరికింది. దాన్నిగురించి నాలుగు మాటలు చెప్పాలని మా ఉద్దేశం. ఆ సాధనం మంచిదే. అయితే దాన్ని ఇంట్లోకి తెచ్చుకునేముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ ప్రశ్నకోసమే నిజానికి ఈ వ్యాసం.

ముందు పాత సంగతి కొంచెం. మన పెద్దలు కట్టెలు అడితిలో కొనేవారు. ఈ ప్రాంతపు తమిళంలో దానినే విరగు తొట్టి అంటారు. మన పిల్లలలో సగంమందికి విరగు అంటే తెలుస్తుంది, వంటచెరకు అంటే తెలియదు. ఇది నింద కాదు, ఉన్నమాట. వంటచెరకు ఎంత చక్కని మాటో చూడండి. పొయ్యికి తినిపించే చెరకు అన్నమాట! అడితిలో కాటామీద తూచేవారు. లెక్క వీశెలలో, మణుగులలో, బారువలలో వుండేది. ఎనిమిది వీశెలు ఒక మణుగు, ఇరవై మణుగులు ఒక బారువ. నేటి లెక్కలో మణుగు పదకొండు కిలోల పైచిల్లర, బారువ సుమారు 227 కిలోలు. 1958 నుంచి మెట్రిక్ తూనికలు అమలుకు వచ్చి ఈ మాటలను మెల్లగా మింగివేశాయి గాని, బారువ అనే మాటతో మనకు మళ్ళీ ఇక్కడ పని పడబోతున్నది.

అడితినుంచి బండిమీద వచ్చిన కట్టెలను పెరట్లో గోడవార పేర్చేవారు. కొండవైపు ఊళ్ళనుంచి ఆడవాళ్ళు మోపులు నెత్తినపెట్టుకొని వచ్చి అమ్మేవారు. 1882 నాటి మద్రాసు అడవుల చట్టం వచ్చిన తరువాత రిజర్వు అడవిలో కట్టె కొట్టడానికి అడ్డుకట్ట పడింది. ఇప్పుడైతే చట్టానికి తోడు ఏనుగులు కూడా కాపలా వున్నాయి. సరిహద్దుకు ఆవల చిత్తూరు జిల్లాలో కౌండిన్య అభయారణ్యం 1990లో ఏర్పడింది. అక్కడి ఏనుగులు సరిహద్దు రాళ్ళను చూసి నడిచేవి కావు. పేర్ణాంబట్టు, గుడియాత్తం కొండల అంచులలోకి వచ్చిపోతూనే వుంటాయి. ఆ తోవలో పుల్లల మోపుకోసం వెళ్ళడం ఇప్పుడు ప్రాణంతో చెలగాటం.

కాబట్టి ఈనాడు మన పెరళ్ళకు వచ్చే కట్టె చాలావరకు అడవి కట్టె కాదు. సరుగుడు కొంత, తోటలలో కొట్టిన మామిడి, చింత కొమ్మలు కొంత, మిగిలినదంతా సీమతుమ్మ. ఈ సీమతుమ్మకు మన తెలుగు నేలతో పాత సంబంధం ఒకటి వున్నది. వంటచెరకు కరువు తీర్చాలని 1876లో మద్రాసు రాజ్యపు అడవుల అధికారి బెడ్డోము ఈ విత్తనాలు కావాలని ప్రభుత్వానికి రాశాడు. మరుసటి ఏడు జమైకానుంచి విత్తనాలు వచ్చాయి. వాటిని నాటినది మన కడప జిల్లా కమలాపురంలో. తమిళులు సీమై కరువేలం అని తిట్టుకుంటూ ఈనాడు కోర్టులదాకా వెళ్ళి పెరికించాలని చూస్తున్న చెట్టు, ఒకనాడు పొయ్యికోసం బతిమాలి తెప్పించుకున్న చెట్టు! తిట్టేవారు తిట్టనీ, మంట విషయంలో దానికి వంక పెట్టలేము. గట్టి చేవగల కట్టె, నిలిచి మండుతుంది, నిప్పు చాలాసేపు వుంటుంది. ముండ్లు మాత్రం చెడ్డవి. ఆ ముండ్ల సంగతి సంచి దగ్గర మళ్ళీ వస్తుంది.

సరే, ఆ కొత్త సాధనం పేరు జంబో సంచి. సిమెంటు, చక్కెర, పశువుల దాణా, ప్లాస్టిక్ గుళికలు, రసాయనాల పొడులు మొదలైనవి ఫ్యాక్టరీలకు ఇందులోనే వస్తాయి. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగులో అంతకు కొంచెం మించో ఎత్తు. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పట్టీలను బట్టలాగా నేసి కుడతారు. నాలుగు మూలలా నాలుగు పెద్ద చెవులు వుంటాయి. వాటికి కొక్కేలు తగిలించి క్రేనుతోనో, ఫోర్కు బండితోనో ఎత్తుతారు. అర టన్నునుంచి రెండు టన్నుల బరువుదాకా మోసే రకాలు వున్నాయి. మన దేశం వీటిని పెద్ద ఎత్తున తయారుచేసి ఐరోపాకు, అమెరికాకు ఎగుమతి చేస్తున్నది. వాడిన సంచులు పాత సామాన్ల అంగళ్ళలో చవకగా దొరుకుతాయి. చూసినవారెవరికైనా మొదట తట్టే ఆలోచన ఒక్కటే: అబ్బ, ఇందులో ఎన్ని కట్టెలు పడతాయి!

ఎన్ని పడతాయో లెక్క వేద్దాము. తొంభై సెంటీమీటర్ల ఘనపు సంచి అంటే సుమారు ముక్కాలు ఘనమీటరు. చీల్చిన కట్టెలను పేర్చకుండా ఊరికే వేస్తే సగానికిపైగా గాలే వుంటుంది. మిగిలినది సీమతుమ్మవంటి గట్టి కట్టె అయితే, సంచికి రెండువందల యాభై కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. అనగా మన పాత లెక్కలో ఒక బారువ, పైన ఒకటి రెండు మణుగులు. పెద్దలు అడితిలో బారువ కట్టెలు కొనేవారు, ఇప్పుడు ఆ బారువ ఒకే సంచిలో కూర్చుంటుంది. నీళ్ళ కాగుకు రోజుకు మూడు కిలోలు కాల్చే ఇంటికి ఒక సంచి ఇంచుమించు మూడు నెలలు వస్తుంది. కార్తీకంలో విప్పిన సంచి మాఘంతో సరి.

ఇంగ్లండులో ఈ పద్ధతి బాగా నలిగినది. అక్కడ చలిమంటల కట్టెలను ఇటువంటి సంచులలోనే నింపి వీధి వాకిట దింపిపోతారు. అక్కడివారు 2021 మే 1 నుంచి ఒక నియమం తెచ్చారు. రెండు ఘనమీటర్లకు తక్కువగా అమ్మే కట్టెలో తేమ నూటికి ఇరవై పాళ్ళు మించకూడదు. పచ్చికట్టె పొగ ఊరి గాలిని చెరుపుతున్నదని ఆ కట్టుబాటు. మనకు అటువంటి నియమం లేదు. కొనేవాడి కన్నే నియమం.

ఇక్కడ కొనుగోలు సంగతి ఒకటి చెప్పక తప్పదు. తూకానికి కొంటే నీళ్ళు కొంటాము, సంచికి కొంటే గాలి కొంటాము. పచ్చికట్టె వంద కిలోలలో నలభై కిలోలు నీళ్ళే వున్నాయనుకోండి. అది ఎండి, నూటికి పదిహేను పాళ్ళ తేమ మిగిలేనాటికి కాటామీద డెబ్బై కిలోలే తూగుతుంది. ముప్పై కిలోలకు ఇచ్చిన డబ్బు ఆవిరి అయిపోయినట్టే. పోనీ, ఎండకుండానే కాలుద్దామంటే, ఆ నీటిని ఆవిరి చేయడానికే కొంత మంట ఖర్చవుతుంది. కిలోకు కిలో చూస్తే పచ్చికట్టె ఇచ్చే వేడి ఎండుకట్టె వేడిలో మూడింట రెండు వంతులే. పైగా కన్నీళ్ళు. సంచి లెక్కన కొంటే తేమ మోసం తగ్గుతుంది, కాని వంకర కొమ్మలు అడ్డదిడ్డంగా వేసి సంచి నిండినట్టు చూపించే నేర్పు అమ్మేవాడికి వుంటుంది. ఎండుకట్టె అయితే తూకానికీ, పచ్చికట్టె అయితే సంచి లెక్కకూ కొనడం మేలని మా అభిప్రాయం. రెండు కట్టె ముక్కలను ఒకదానితో ఒకటి కొట్టి చూడండి. ఖంగుమంటే ఎండినది, దబ్బుమంటే పచ్చిది. చివరలలో నెరియలు విచ్చి, బెరడు ఊడివస్తుంటే మరీ మంచిది.

ఇక మొదట చెప్పిన ఆ ప్రశ్న. మన వీధిలో ఒక పెద్దాయన లారీ కుర్రవాణ్ణి అడిగిన ప్రశ్న అదే.

"ఏమప్పా, ఈ సంచిలో ముందు ఏముండె?"

"ఉప్పు, సామీ."

"ఏ ఉప్పు?"

కుర్రవాడు నవ్వి వూరుకున్నాడు. ఆ నవ్వులోనే సంగతంతా వున్నది. ఏ ఉప్పు అన్నది వాడికి నిజంగానే తెలియదు.

పేర్ణాంబట్టు తోళ్ళ ఊరు. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట కూడా అంతే. మన తాతల కాలంలో తోలు పదును చేయడానికి తంగేడు చెక్క వాడేవారు. తరువాత వాటిల్ చెక్క వచ్చింది. అటుతరువాత క్రోము లవణాలు వచ్చి చెక్కను చాలావరకు వెనక్కి నెట్టాయి. తోళ్ళ పనిలో ఉప్పు, సున్నం, సోడియం సల్ఫైడు, క్రోము సల్ఫేటు, ఆమ్లాలు, రంగులు వాడతారు. ఆ పని పాలారుకు ఏం చేసిందో మన కుటుంబాలకు కొత్తగా చెప్పనక్కరలేదు. వేలూరు పౌర సంక్షేమ వేదిక వేసిన దావాలో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దేశమంతటా న్యాయశాస్త్ర విద్యార్థులు చదువుకునే తీర్పు అయింది. ఆ తీర్పుకు కారణమైన రసాయనాలు సంచులలోనే వస్తాయి. సంచి ఖాళీ కాగానే పొడి మొత్తం పోదు. నేత పట్టీల సందులలో, అడుగు కుట్లలో, చెవుల మడతలలో మిగిలివుంటుంది. దులిపితే సగం పోతుంది, కడిగితే ఇంకొంత పోతుంది. ఆ కడిగిన నీళ్ళు మళ్ళీ మన బావిలోకే.

అటువంటి సంచిలో కట్టెలు వేస్తే ఏమవుతుంది? పొడి బెరడుకు అంటుతుంది. కట్టెతోపాటు పొయ్యిలోకి పోతుంది. తోళ్ళ పనిలో వాడే క్రోము, వున్న రూపంలో వున్నంతవరకు, మరీ ఘోరమైనది కాదు. కాని అది గాలి తగిలేటట్లు మండితే, క్షారగుణమున్న బూడిదలో దానిలో కొంత భాగం మరింత విషకరమైన రూపంలోకి మారగలదు. క్రోము తోలు ముక్కలను కాల్చినప్పుడు జరిగేదీ ఇదే. ఇక మన ఇండ్లలో బూడిద ఎక్కడికి పోతుందో తల్లులకు తెలుసు. గిన్నెలు తోమడానికి, గుమ్మడి పాదుకు, బెండ మొక్కలమీద పురుగుకు చల్లడానికి. పొయ్యిలోని విషం తిరిగి కంచంలోకి రావడానికి ఇంతకన్న దగ్గర దారి ఏముంది? ఒట్టి ఉప్పు సంచి అయినా మంచిది కాదు. ఉప్పు గాలిలోని తేమను పీల్చి కట్టెను ఎప్పటికీ ఆరనివ్వదు, ఇనుప పొయ్యిని తినివేస్తుంది. పురుగుమందుల సంచి, ఎరువుల సంచి సంగతి వేరే చెప్పాలా?

కాబట్టి వాడిన సంచి తీసుకునేవారు బియ్యం, చక్కెర, మొక్కజొన్న, దాణా పోసిన సంచి అని రూఢిగా తెలిస్తేనే తీసుకోవాలి. సంచి పక్కన కుట్టిన అట్టచీటీ చూడండి. తయారుచేసినవారి పేరు, మోయగల బరువు, కొన్నిటిమీద లోపలి సరుకు పేరు వుంటాయి. చీటీ చింపివేసిన సంచిని ముట్టవద్దు. పచ్చని పొడి, పసుపుపచ్చని మరక, కుళ్ళిన గుడ్డు వాసన, ఘాటు, వీటిలో ఏది వున్నా తిప్పి పంపండి. ఏ సంగతీ తేలకపోతే కొత్త సంచి కొనడమే దారి. నలుగురు ఇరుగుపొరుగువారు కలిసి కొంటే ధర భారమనిపించదు.

సంచి వచ్చింది. ఇక దానిని ఎక్కడ పెట్టాలి? ఇందులో మనవాళ్ళు రెండు విధాలుగా పొరపడుతున్నారు. సంచిలో వేశాము కదా, ఇక వానకు భయంలేదని కొందరు బయట ఎండలో వదిలేస్తారు. ఈ నేత ఎండకు నిలిచేది కాదు. ఎండకు తట్టుకునే మందు కలిపి నేసినవి కొంతకాలం ఆగుతాయిగాని, వేలూరు ఎండ సంగతి లోకప్రసిద్ధం. రెండు మూడు వేసవులకు చెవి పట్టుకుంటే చెవి చేతికి వస్తుంది, నేత పొడిగా రాలుతుంది. ఆ పొడి ప్లాస్టిక్ పొడి, పెరటి మట్టిలోనుంచి ఏరలేము. మరికొందరు పచ్చికట్టెను సంచిలో వేసి, పైన టార్పాలిను కప్పి, తాడుతో బిగించి కట్టేస్తారు. దానికి ఊపిరి ఆడదు. లోపలి తేమ పైకి పోయే దారిలేక, బూజు పట్టి, కట్టె నల్లబడి, విప్పిన రోజున బావిలో మట్టి వాసన కొడుతుంది. గోనెసంచికి ఈ జబ్బు లేదు. జనపనార గాలి పీలుస్తుంది. దాని జబ్బు వేరు, నేలతగిలితే అడుగు మురుగుతుంది, చెదలు పడతాయి.

కాలక్రమం ఇట్లా పెట్టుకుంటే బాగుంటుంది. మాఘ ఫాల్గుణాలలో కట్టె కొనండి. చీల్చి, ఒక్కొక్క ముక్క మణికట్టు లావుకు మించకుండా చేసి, ఆరుబయట అడ్డంగా నిలువుగా పేర్చి ఎండబెట్టండి. అగ్ని నక్షత్రపు కత్తిరి ఎండ మన ఊళ్ళకు శాపమని అందరూ అంటారు, కట్టెకు మాత్రం అది వరం. ఆ ఎండలో బాగా కాగిన కట్టెను ఆషాఢం లోపల సంచికి ఎత్తండి. ఆశ్వయుజ కార్తీకాల వానకు అది లోపల భద్రంగా వుంటుంది. ఎండబెట్టడం సంచి పని కాదు, ఎండినదానిని కాపాడడమే దాని పని. వల నేత పక్కలున్న సంచులు ఉల్లిగడ్డలకు, కట్టెలకు వేరుగా చేస్తారు. అవి దొరికితే గాలి ఆడుతుంది కనుక మరీ మంచిది. మామూలు సంచికి కత్తితో చిల్లులు పొడిచేవారున్నారు. నేత చీలితే బలం పోతుంది. ఎత్తే ఉద్దేశం లేని సంచికైతే పరవాలేదు గాని, ఎత్తే సంచికి చిల్లు పొడవరాదు. వసారాలో, పడమటి ఎండ తగలని చోట, పైమూత సగం తెరిచి వుంచితే చాలు. వాన జల్లు కొట్టే నాలుగు రోజులు పైభాగం మాత్రం కప్పండి, పక్కలు కప్పకండి.

ఎండుకట్టె అంటే పొదుపు ఒక్కటే కాదు, పొగ తగ్గడం కూడా. ఇంటి పొయ్యిల పొగవల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షలమంది అకాలంగా చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. నీళ్ళ పొయ్యి పెరట్లో వుంటే పొగ గాలిలో కలుస్తుందని మనం ఊరడిల్లుతాము. పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టం ఊదేవారి ఊపిరితిత్తులలో కలిసిన తరువాతనే అది గాలిలో కలుస్తుంది.

ఇక పాము సంగతి. కట్టెల కుప్ప అంటే చల్లని చీకటి. కప్పలు, ఎలుకలు, తేళ్ళు, జెర్రులు చేరతాయి, వాటివెంట పాములు. మా బంధువర్గంలో ఒక పెద్దావిడ దీపావళి తెల్లవారుజామున, పిల్లలకు తలంటి నీళ్ళు పెట్టాలని పెరట్లోకి నడిచింది. "అత్తా, లైటు వేసుకొని వస్తాను, ఉండండి" అని కోడలు అంటూనే వున్నది. "ముప్పై ఏండ్లుగా తియ్యని కట్టెలా ఇవి, పోవే" అని ఆమె గోడవార కుప్పలో చేయి పెట్టింది. ముల్లు గుచ్చుకున్నదనుకున్నది. సీమతుమ్మ కట్టె కదా! కాసేపటికి చేయి వాచింది, చిగుళ్ళనుంచి నెత్తురు వచ్చింది. మంత్రం వేసేవాడికోసం ఒక గంట పోగొట్టారు. తరువాత వేలూరు పెద్దాసుపత్రికి తీసుకొనిపోయారు. రక్తపింజరి కాటు. తమిళులు కణ్ణాడి విరియన్ అంటారు. మూత్రపిండాలు దెబ్బతిని మూడు వారాలు మంచంమీద వున్నది. బతికి ఇంటికి వచ్చింది. ఆ గంట పోకుండా వుంటే మూడు రోజులకే వచ్చేదేమో ఎవరు చెప్పగలరు?

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటు ఏటా సగటున 58 వేలమందిని బలిగొన్నదని పరిశోధకులు లెక్కగట్టారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగే ఎక్కువ ప్రాణాలు తీసేవి. ఈ నాలుగింటికీ కలిపి పనిచేసే విరుగుడు మందు వున్నది. దానికి కావలసిన విషాన్ని చాలావరకు తీసి ఇచ్చేది మన రాష్ట్రంలోనే, మహాబలిపురం దారిలో 1978లో ఏర్పడిన ఇరుళర్ల పాములు పట్టేవారి సహకార సంఘం. మందు ఇంత దగ్గరలో పుడుతుంటే మనం మంత్రంకోసం కూర్చోవడం ఏమి న్యాయం? కాటు పడితే కోయవద్దు, పీల్చవద్దు, తాడుతో బిగించి కట్టవద్దు. కరిచిన చేయి కదలకుండా పెట్టి, కూర్చోబెట్టి, నడిపించకుండా ఆసుపత్రికి తీసుకొనిపోవడమే.

సంచి ఇక్కడ కొంత సహాయం చేస్తుంది. గోడవార కుప్పలో వున్నన్ని సందులు సంచికి లేవు. చుట్టూ నేత, అడుగున నేత. కాని సంచి వున్నది కదా అని నిబ్బరంగా వుండరాదు. తేమ తగలకుండా సంచికింద చెక్క చట్రమో ఇటుకలో పెట్టాలంటాము. ఆ నాలుగంగుళాల సందే పాముకు మేడ! అందువల్ల ఆ పీట అడుగు ఎత్తుండాలి, టార్చి వేస్తే ఈ వైపునుంచి ఆ వైపు కనబడాలి. రాతి దిమ్మెలు నాలుగు పాతి, పైన రాతి పలక వేస్తే అన్నిటికన్న మేలు. మన ప్రాంతంలో రాతికి కరువు లేదు. గోడకు మూరెడు ఎడం వుండాలి. పైన తెరిచివుంచిన మూతను పొద్దుగూకేసరికి ముడివేయాలి. కట్టె పైనుంచే తీయాలి, చేయి లోపలికి దూర్చి కిందినుంచి లాగరాదు. సంచిలో కట్టె తగ్గేకొద్దీ అంచును బయటికి మడుస్తూ రండి. అప్పుడు లోపల ఏమున్నదో ఎప్పుడూ కంటికి కనబడుతూ వుంటుంది. రాత్రికి, తెల్లవారుజాముకు కావలసిన కట్టె పగలే తీసి వసారాలో గంపలో పెట్టుకోవడం అన్నిటికన్న సులువు. మా పెద్దావిడ ఇంట్లో ఇప్పుడు ఇదే చట్టం. చట్టం చేసినది కోడలు.

మోయడం గురించి పొడిగించి చెప్పవలసినది లేదు. బారువ బరువును మనుషులు ఎత్తలేరు, ఈడ్వరాదు. ఈడిస్తే అడుగు కుట్టు తెగుతుంది, నడుము కూడా. సంచి ఎక్కడ వుండాలో అక్కడే ఖాళీ సంచిని నిలబెట్టి నింపుకోవాలి. ఎత్తించే అవసరం వుంటే యంత్రంతోనే, నాలుగు చెవులూ తగిలించి. రెండు చెవులతో వేలాడదీసే సాహసాన్ని లోడు దింపే కుర్రవాళ్ళు చేస్తుంటారు, చేయనివ్వకండి. చీటీమీద 5:1 అని వుంటే అది ఒక్కసారి ఎత్తడానికి చేసిన సంచి, 6:1 అని వుంటే పలుమార్లు వాడవచ్చు. పాత సంచి ఏ రకమైనా సరే, ఎత్తి వున్నప్పుడు దానికింద మనిషి గాని, చేయి గాని వుండకూడదు. సీమతుమ్మ ముండ్లు నేతను గుచ్చుతాయి కనుక వేసేముందు ముండ్లు కొట్టించండి. ఇంట్లోకి తెచ్చుకునే రోజువారీ కట్టెకు పాత గోనెసంచే మేలు, ఇరవై కిలోలకు మించకుండా.

నిప్పుకు ఈ సంచిని దూరంగా వుంచాలని చెప్పడం అనవసరమనిపించవచ్చు. కాని పొయ్యి పక్కనే సంచి వుంటే చేతికి అందుతుందని ఆశ పుడుతుంది. ఈ నేత 160 డిగ్రీల పైచిలుకు వేడికి కరుగుతుంది. అంటుకుంటే చుక్కలు చుక్కలుగా కారుతూ మండుతుంది, ఆ చుక్క పడినచోట చర్మంతోపాటే ఊడుతుంది. పొయ్యికి కనీసం పది పన్నెండు అడుగుల దూరం వుంచండి. బూడిద దీనిలో పోయకండి, లోపల దాగిన కణిక రెండు రోజులకు కూడా రాజుకుంటుంది. గుడియాత్తం అగ్గిపెట్టె ఒక్క పుల్లతో అంటించే నేర్పు మన అమ్మలకు వుండేది. ఇప్పుడు కొందరు చితుకులకు బదులు పాల ప్యాకెట్టు ముక్కో, చినిగిన సంచి ముక్కో పెట్టి అంటిస్తున్నారు. ఆ పొగ పిల్లలు స్నానం చేసే పెరట్లోనే తిరుగుతుంది. కొబ్బరిపీచు వున్నది, తాటాకు వున్నది, ఎండిన వేపపుల్ల వున్నది.

సంచికి ఆయువు తీరినదని ఎట్లా తెలుస్తుందంటే, ఒక పట్టీని రెండు వేళ్ళమధ్య నలిపి చూడాలి. పొడి అయితే ఆ రోజే ఖాళీ చేసి, మడిచి, పాత సామాన్ల బండివాడికి వేయండి. పొడికాకముందే అంచులు మాత్రం చిరిగినదైతే నాలుగు చెవులను కోసి దాచుకోవచ్చు. ఎండ తగలని చెవి గట్టి తాడు. ఒక ఇంట్లో అటువంటి రెండు చెవులను బావి గిలక దగ్గర నీళ్ళ డ్రమ్ము కట్టడానికి వాడుతున్నారు. మరొక ఇంట్లో గోడకు కొక్కెంలాగా తగిలించి, దానిలో గొడ్డలి, ఊదుగొట్టం, పొయ్యి పట్టకారు దూర్చారు.